సైలెన్సరు మార్పిడి: మన చేతి పనా, మెకానిక్కు పనా?

తొలకరి పడి నేల పదునెక్కిందంటే ఊళ్లో ట్రాక్టరుకు తీరిక ఉండదు. పదును ఆరకముందే దుక్కి పూర్తి కావాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే ట్రాక్టరు గొంతు మారుతుంది. నిన్నటిదాకా నిలకడగా ఉన్న శబ్దం ఇవాళ పటపటమంటూ చెవులు పగలగొడుతుంది. పొగ పైకి పోకుండా డ్రైవరు ముఖానికి కొడుతుంది. దిగి చూస్తే సైలెన్సరు కింది భాగాన్ని తుప్పు తినేసి ఉంటుంది, లేదా మెడ దగ్గర పగులు కనిపిస్తుంది.

అప్పుడు రైతుకు మూడు ఆలోచనలు వస్తాయి. ఈ సీజనుకు ఇలాగే లాగించేద్దాం అన్నది ఒకటి. రెండు నట్లేగా, మనమే విప్పి కొత్తది పెట్టేద్దాం అన్నది రెండోది. ఎందుకొచ్చిన గొడవ, మెకానిక్కు దగ్గరికి తోలుకుపోదాం అన్నది మూడోది. ఇందులో మొదటి ఆలోచన మానుకోవలసిందే. మిగిలిన రెంటిలో ఏది మంచిదో తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ట్రాక్టరు దగ్గర పావుగంట కూర్చుని చూస్తే ఎవరైనా తేల్చుకోవచ్చు.

సైలెన్సరు చేసే పని

మూడు సిలిండర్ల ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతోందనుకుందాం. ఒక్కో సిలిండరు రెండు చుట్లకోసారి కాలిన పొగను బయటికి తోస్తుంది. అంటే మొత్తం నిమిషానికి 3000 సార్లు, సెకనుకు 50 సార్లు మానిఫోల్డులోకి పొగ దెబ్బ తగులుతుంది. సైలెన్సరు లోపలి అరలు, చిల్లుల గొట్టాలు ఈ దెబ్బలను విరిచి శబ్దాన్ని తగ్గిస్తాయి. గట్టి లోడు మీద మానిఫోల్డు దగ్గర పొగ వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటవచ్చు. ఎండు గడ్డి అంటుకోవడానికి అంత వేడి అక్కర్లేదు. పొగతోపాటు వచ్చే మసి నిప్పురవ్వలు చాలావరకు సైలెన్సరు అరల్లోనే ఆరిపోతాయి.

అందుకే చిల్లుపడిన సైలెన్సరుతో కళ్లంలోకి, గడ్డివాముల దగ్గరికి ట్రాక్టరు తీసుకుపోవడం చాలా ప్రమాదం. రవ్వ పక్కకు చిమ్మితే ఏడాది పశుగ్రాసం బూడిద అవుతుంది. ఇక చెవుల సంగతి. 85 డెసిబెల్స్ మించిన శబ్దంలో రోజుకు 8 గంటలు, ఏళ్ల తరబడి కూర్చుంటే వినికిడి తగ్గుతుంది. ఒకసారి పోయిన వినికిడి మళ్లీ రాదు. డీజిలు పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం 2012లో తేల్చింది. చట్టం ప్రకారం చూసినా, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ నిబంధన వ్యవసాయ ట్రాక్టరుకు కూడా సైలెన్సరు ఉండి తీరాలంటోంది.

సైలెన్సరు తీసేస్తే పికప్పు పెరుగుతుందని కొందరు డ్రైవర్లు చెబుతుంటారు. మసితో పూడుకుపోయిన పాత సైలెన్సరు తీసేసినప్పుడు ఇంజను తేలికపడిన మాట నిజమే. అయితే అదే మోడలుకు సరిపడే కొత్తది బిగించినా ఆ తేడా కనిపిస్తుంది. దానికోసం గొట్టం మొండిగా వదిలేయనక్కర్లేదు.

తుప్పు ఎక్కడి నుంచి వస్తుంది?

సైలెన్సరు ఎక్కువగా లోపలి నుంచే తుప్పు పడుతుంది. ఒక లీటరు డీజిలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. గంటల తరబడి దున్నితే సైలెన్సరు బాగా కాగి ఆ ఆవిరంతా బయటికి పోతుంది. ఇంటి నుంచి చేను దాకా, చేను నుంచి బజారు దాకా పది నిమిషాల చొప్పున తిప్పితే మాత్రం గొట్టం సరిగా వేడెక్కదు. ఆవిరి చల్లబడి నీరై అడుగున నిలుస్తుంది. పాత రోజుల్లో డీజిల్లోని గంధకం ఆ నీటిని ఆమ్లంగా మార్చేది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా గంధకం బాగా తగ్గించిన డీజిలు వస్తోంది కాబట్టి ఆ బెడద తగ్గింది. నీటి బెడద మాత్రం పోలేదు.

దీనికి వానతోడు. పైకి నిలబడిన గొట్టానికి మూత లేకపోతే రాత్రి కురిసిన వాన నేరుగా లోపలికి దిగుతుంది. వాల్వు తెరిచి ఉన్న సిలిండరులోకి ఆ నీరు చేరితే నష్టం సైలెన్సరుతో ఆగదు, ఇంజను మీదికి వస్తుంది. గొట్టం మూతికి డబ్బా బోర్లించే అలవాటు మన ఊళ్లలో ఉన్నదే. దాన్ని వదలకూడదు.

ముందు రోగం తెలియాలి

శబ్దం పెరిగిందనగానే సైలెన్సరు కొనడానికి పరుగెత్తకూడదు. లోపం మూడుచోట్ల ఉండవచ్చు: సైలెన్సరు డబ్బాలో, సైలెన్సరు మానిఫోల్డుకు కలిసే అతుకులో, లేదా మానిఫోల్డు ఇంజను హెడ్డుకు కలిసేచోట.

పొద్దున్నే ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు అతుకుల చుట్టూ చూడండి. పొగ కారేచోట నల్లటి మసి చార కనిపిస్తుంది. కనిపించకపోతే సబ్బు నురగ రాసి, స్టార్టు చేసి మొదటి నిమిషంలోనే చూడాలి. బుడగలు లేచినచోట లీకున్నట్టు. ఆ సమయంలో ఫ్యానుకు, బెల్టుకు చేతులు, తువ్వాలు తగలకుండా జాగ్రత్తపడాలి. చల్లగా ఉన్నప్పుడు టిక్‌టిక్‌మంటూ, ఇంజను కాగాక ఆ శబ్దం తగ్గిపోతుంటే హెడ్డు దగ్గరి మానిఫోల్డు ప్యాకింగు పోయిందని అనుమానించాలి. ఇంజను ఆపి సైలెన్సరు డబ్బాను స్క్రూడ్రైవరు పిడితో తడితే లోపల గలగలమన్నదంటే అరలు ఊడిపోయాయన్నమాట. అలాంటిదానికి పైపైన వెల్డింగు పెట్టించడం దండగ.

గీత ఎక్కడ గీయాలి?

పని ఎవరిదన్నది ఇక్కడ తేలుతుంది. సైలెన్సరు నుంచి మానిఫోల్డు మీది అతుకు దాకా మన చేతి పని. మానిఫోల్డు నుంచి ఇంజను వైపు ఉన్నదంతా షాపు పని. మానిఫోల్డు స్టడ్లు హెడ్డులో నాటుకుని ఉంటాయి. అక్కడ ఒక్కటి విరిగితే దాన్ని తీయడానికి వెల్డింగు, డ్రిల్లు, కొత్తగా మరలు కోసే ట్యాపు కావాలి. చేయి తిరిగిన మనిషి కావాలి. పాత మానిఫోల్డు వేడికి వంగి ఉంటే లేతు మీద పెట్టి సమం చేయించాలి. ఇవేవీ చెట్టు కింద అయ్యే పనులు కావు.

గీతకు ఇవతల ఉన్న పనైనా నట్లు చూశాకే ఒప్పుకోవాలి. సైలెన్సరును పట్టి ఉంచే రెండు మూడు నట్లను వైరు బ్రష్షుతో శుభ్రంగా రుద్దండి. నట్టు ఆరు అంచులూ కనిపిస్తూ, స్టడ్డు మరలు తెలుస్తుంటే మనం విప్పవచ్చు. నట్టు అంచులు అరిగి గుండ్రంగా అయినా, తుప్పులో నట్టు, స్టడ్డు ఒకే ముద్దగా కనిపించినా, ఇంతకుముందు ఎవరో అక్కడ వెల్డింగు చుక్క పెట్టినా చేయి పెట్టకండి. మెకానిక్కుకు అప్పజెప్పడమే మేలు.

విప్పాలనుకుంటే ముందురోజు సాయంత్రమే ఇంజను చల్లారాక నట్ల మీద తుప్పు వదిలించే నూనె వేయాలి. అది దొరక్కపోతే కిరోసిన్, డీజిలు కలిపి వేసినా కొంత పని చేస్తుంది. రాత్రంతా నాననిచ్చి పొద్దున మరోసారి వేయాలి. వేడి గొట్టం మీద మాత్రం ఇవేవీ పోయకూడదు, అంటుకుంటాయి. నోరు తెరిచిన పానా కంటే రింగు పానా గాని, ఆరు మూలల సాకెట్టు గాని నట్టును గట్టిగా పట్టుకుంటుంది. 8 మిల్లీమీటర్ల స్టడ్డుకు మామూలుగా 13 నంబరు, 10 మిల్లీమీటర్ల స్టడ్డుకు 17 నంబరు పానా పడుతుంది. కొన్ని పాత మోడళ్లలో అంగుళాల కొలత నట్లుంటాయి. వాటికి మిల్లీమీటరు పానా వేస్తే జారి అంచులు పోతాయి. మొదట ఒక వెంట్రుకవాసి బిగించే వైపు తిప్పి, తుప్పు పట్టు వదిలాక విప్పే వైపు తిప్పాలి. కాస్త వస్తే మళ్లీ నూనె వేసి, ముందుకూ వెనక్కూ ఆడిస్తూ తీయాలి.

మేం చేసిన పొరపాటు

మా సొంత ట్రాక్టరుకే ఒక దుక్కుల సీజనులో సైలెన్సరు మెడ దగ్గర పగిలింది. నూనె వేసి నాననిచ్చే ఓపిక లేకపోయింది. నట్టు కదలకపోయేసరికి పానాకు బారెడు ఇనుప గొట్టం తొడిగి బలం కొద్దీ లాగాం. టక్కుమంది. నట్టు వదిలిందనుకున్నాం, చూస్తే స్టడ్డు విరిగింది. ఉలితో కొట్టి తీయబోయి మానిఫోల్డు చెవి కూడా పగలగొట్టాం. మానిఫోల్డు దొరికి, మెకానిక్కు వచ్చి, మళ్లీ ట్రాక్టరు చేలోకి దిగేసరికి నాలుగో రోజైంది. అప్పటికి పదును ఆరిపోయి గడ్డలు లేస్తున్నాయి. పక్కచేను వాళ్లు విత్తనం వేసుకున్నారు, మేం రెండో వాన కోసం ఆకాశం చూస్తూ కూర్చున్నాం. గంటలో అయ్యే పని అనుకున్నది ఒక విత్తనం అదును తీసుకుపోయింది. చేత్తో తిప్పితే రాని నట్టుకు గొట్టం తొడగకూడదని ఆనాడే తెలిసొచ్చింది.

డబ్బు లెక్క

కొత్త సైలెన్సరు ధర ఎవరు బిగించినా ఒకటే. తేడా వచ్చేది కూలి, రాకపోకల డీజిలు, పోయే సమయం దగ్గరే. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. బిగింపు కూలి 600 రూపాయలు, మండల కేంద్రానికి పోయి రావడానికి డీజిలు 300 రూపాయలు, షాపులో వంతు కోసం పడిగాపులు అరపూట. సొంతంగా చేసుకుంటే 900 రూపాయలు, అరపూట మిగులుతాయి. స్టడ్డు విరిగితే మాత్రం మానిఫోల్డు ఖర్చు, కూలి, రెండు మూడు రోజుల పని పోతాయి. మీ ఊరి ధరలు వేసుకుని ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. నట్లు బాగుంటే సొంత పని లాభం. నట్లు అనుమానంగా ఉంటే ఆ 900 పోయినా నష్టం లేదు.

కాలం కూడా ఈ లెక్కలో భాగమే. వేసవిలో ట్రాక్టరు ఖాళీగా ఉన్నప్పుడు ఏదైనా విరిగినా సర్దుకునే వ్యవధి ఉంటుంది. చేయి నేర్చుకోవాలనుకునేవారికి అదే అదును. రేపు దమ్ము పెట్టుకుని ఇవాళ రాత్రి టార్చిలైటు వెలుతురులో మొదలుపెట్టే పని ఇది కాదు.

మధ్యే మార్గం

చాలామందికి తట్టని దారి మరొకటి ఉంది. సైలెన్సరును మనమే విప్పి, దాన్ని మోటారు సైకిలు మీద పట్నం తీసుకుపోవచ్చు. పాతది ఎదురుగా పెట్టి కొత్తది కొంటే మెడ వంపు, చిల్లుల దూరం, గొట్టం లావు తప్పిపోవు. చిన్న పగులైతే వెల్డింగు షాపులో అతికించుకుని రావచ్చు. డీజిలు ట్యాంకు, రబ్బరు గొట్టాలు, వైర్లు పక్కనే ఉండగా ట్రాక్టరు మీదే వెల్డింగు పెట్టడం కంటే ఇది ఎంతో క్షేమం.

అయితే వెల్డింగుకు పనికొస్తుందో లేదో ముందు చూసుకోవాలి. పగులు చుట్టూ రేకును ఉలి మొనతో నొక్కండి. గట్టిగా ఉంటే అతుకు నిలుస్తుంది. మొన దిగబడితే ఆ రేకు వెల్డింగు వేడికే కరిగి చిల్లు పెద్దదవుతుంది. అలాంటిది మార్చవలసిందే.

సైలెన్సరు తీసి ఉన్నంతసేపూ మానిఫోల్డు మూతిలో గుడ్డ కుక్కి ఉంచాలి. లేకపోతే నట్టో, పురుగో, వాననీరో లోపలికి పోతుంది. ఆ గుడ్డ ఎర్రదై ఉండాలి, కొస బారెడు బయటికి వేలాడాలి. మళ్లీ బిగించేటప్పుడు తీయడం మరిచిపోకుండా ఉండటానికే ఇదంతా.

బిగించే తీరు

అతుకు రెండు ముఖాలనూ పాత ప్యాకింగు ముక్క లేకుండా గీకాలి. పాత ప్యాకింగును తిరిగి వాడకూడదు, అది ఒకసారి నలిగితే మళ్లీ అతకదు. స్టడ్డు మరలకు వేడిని తట్టుకునే రాగి గ్రీజు పల్చగా రాస్తే వచ్చేసారి నట్టు సులువుగా వస్తుంది. వీలైతే ఇత్తడి నట్లు వాడండి, అవి తుప్పుతో బిగుసుకోవు.

నట్లన్నీ ముందు చేత్తో ఎక్కించాలి. తర్వాత ఒకటి మార్చి ఒకటి కొద్దికొద్దిగా బిగించాలి. ఒకవైపే పూర్తిగా బిగిస్తే అతుకు వంకర కూర్చుని పొగ కారుతుంది, చెవి పగిలే ప్రమాదమూ ఉంది. సైలెన్సరు బరువు మోసే ఊతపట్టీ ఉంటే దాన్ని చివర బిగించాలి. ఊతపట్టీ లేదని వదిలేస్తే అదురుకు బరువంతా మెడ మీద పడి నెలల్లోనే మళ్లీ పగులుతుంది. డీజిలు పైపుకు, పొగ గొట్టానికి మధ్య కనీసం 35 మిల్లీమీటర్ల ఎడం ఉందో లేదో చూసుకోవాలి.

ఎర్రగుడ్డ తీశామని నిర్ధారించుకున్నాకే స్టార్టు చేయాలి. పది నిమిషాలు ఆడించి లీకులు చూసి ఆపేయండి. పూర్తిగా చల్లారాక నట్లు మరోసారి చూడాలి. ఒక పూట దున్నిన తర్వాత ఇంకోసారి చూస్తే చాలు.

షాపులో అడగవలసినవి

మెకానిక్కుకు ఇచ్చామని చేతులు దులుపుకోకూడదు. కొత్త ప్యాకింగు వేస్తున్నాడా, మోడలుకు తగిన సైలెన్సరేనా, ఊతపట్టీ తిరిగి పెట్టాడా అన్నవి దగ్గరుండి చూడాలి. స్టడ్డు విరిగితే ఖర్చు ఎవరిదో పని మొదలుపెట్టక ముందే మాట్లాడుకోవాలి. ట్రాక్టరు మీద వెల్డింగు పెట్టాల్సి వస్తే బ్యాటరీ వైర్లు ముందే విప్పించండి. వారంటీలో ఉన్న బండినైతే కంపెనీ సర్వీసుకే తీసుకుపోవాలి.

కొత్త ట్రాక్టర్లు, కార్ల సంగతి వేరు

2023 జనవరి నుంచి 50 హెచ్‌.పి. దాటిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్ నాలుగో దశ కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. ఇలాంటి వాటిలో మోడలును బట్టి పొగను శుద్ధి చేసే పరికరాలు, సెన్సర్లు, కంప్యూటరుతో నడిచే ఇంధన వ్యవస్థ ఉంటాయి. అక్కడ సైలెన్సరులా కనిపించేది ఒట్టి సైలెన్సరు కాకపోవచ్చు. సెన్సరు వైరు ఒకటి తెగినా ఇంజను పూర్తి బలం ఇవ్వకపోవచ్చు. వీటి జోలికి మనం పోరాదు. టర్బో ఉన్న ఇంజనుకు కూడా అంతే. చిన్న నట్టు లోపల పడినా టర్బో రెక్కలు దెబ్బతింటాయి.

ఇంట్లో కారుంటే దాని పొగ గొట్టం బండి కింద ఉంటుంది. ఒక్క జాకీ మీద లేపి కిందికి దూరడం ప్రాణాలతో చెలగాటం. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బి.ఎస్. ఆరు కార్లలో పొగను శుద్ధి చేసే భాగాలు, సెన్సర్లు గొట్టంతోనే కలిసి ఉంటాయి. వెనక చివర వేలాడే రబ్బరు తెగితే మార్చుకోవచ్చు గాని, మిగతా పని ర్యాంపు ఉన్న షాపుదే.

పంపుసెట్టు గదిలో పొగ

బావి దగ్గర ఇంజను పంపుసెట్టు ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. దాని పొగ గొట్టం మార్చడం సులువే. కానీ గదిలో అతుకు దగ్గర లీకుంటే విషవాయువు అక్కడే నిలుస్తుంది. కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. తలనొప్పి, తూలు వచ్చేసరికే ఆలస్యమవుతుంది. గొట్టం మూతి గది బయటికి ఉండాలి. ఇంజను ఆడుతుండగా, ఆపిన వెంటనే కూడా బావిలోకి దిగకూడదు. పెట్రోలు, కిరోసిన్ ఇంజన్లతో ఈ ముప్పు మరింత ఎక్కువ.

రైతు సోదరులు ఏడాదికి రెండుసార్లు, తొలకరికి నెల ముందు ఒకసారి, కోతలకు ముందు ఒకసారి, సైలెన్సరును తట్టి చూసి, నట్ల మీద వైరు బ్రష్షు రుద్ది, రెండు చుక్కల నూనె వేసి ఉంచితే మంచిది. అప్పుడు లోపం బయటపడితే నూనె పోసి నాననివ్వడానికి రాత్రి ఉంటుంది, మెకానిక్కును పిలవడానికి పగలు ఉంటుంది. చేలో పదును ఉన్నరోజు మాత్రం ట్రాక్టరు చేలోనే ఉండాలి.